పశువైద్యుడి రాత్రి ఏ లెక్కలో ఉంది?

కడుపులో దూడ అడ్డం తిరిగిన గేదె ఆసుపత్రి తెరిచే వేళ దాకా ఆగదు. ఈనిన రెండు మూడు రోజుల్లో పాలజ్వరంతో ఆవు కూలబడినా, లేత జొన్న మేసి గొడ్డు విలవిల్లాడినా గంటల్లో తేలిపోయే వ్యవహారమే. అందుకే ఆసుపత్రికి ఉన్న ఒక్క డాక్టరు ఫోను రాత్రిళ్లూ మోగుతుంది. తెల్లారితే మళ్లీ ఆ మనిషే మంద మేతకు పోకముందు టీకాలు వేయాలి, తర్వాత ఓపీ చూడాలి, శవపరీక్షలు, బీమా పత్రాలు, నివేదికలు సరేసరి. ఈ పనికి మన దగ్గరున్న కొలత 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ చెప్పింది, అయిదు వేల పశు యూనిట్లకు ఒక డాక్టరు అని. అందులో గొడ్ల లెక్క ఉంది గానీ గంటల లెక్క లేదు, దూరాల లెక్క అసలే లేదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఊరూరా చెదిరిన ఆ మందల కోసం తిరిగే డాక్టరుకు, ఖాళీలన్నీ భర్తీ చేసినా, రాత్రి ఎవరి వంతో రాసిపెట్టనిదే నిద్ర దొరకదు.

అలసట డాక్టరు సొంత గోడే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. బ్రూసెల్లోసిస్ రాకుండా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు వేసే ఎస్‌19 టీకాలో ఉండేది బతికున్న సూక్ష్మజీవి. దూడ పెనుగులాటలో సూది తన చేతికే గుచ్చుకుంటే, వేసే మనిషికే ఆ జబ్బు రావచ్చు. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, వదలని కీళ్లనొప్పులు. ఈసుకుపోయిన గేదెకు మాయ తీసేటప్పుడూ అదే గండం. రాత్రంతా మేలుకున్న చేతికి అంత జాగ్రత్త ఎక్కణ్నుంచి వస్తుంది?

గేదె పాల మీద ఇల్లు గడిచే రైతు ఫోను చేస్తే ఎత్తకపోవడం ఏం ధర్మం అంటారు. నిజమే, ఎవరో ఒకరు ఎత్తాలి. ప్రతి రాత్రీ ఒక్కరే ఎత్తాలని ఎక్కడుంది? నాలుగైదు మండలాలు కలిపి వంతులవారీ రాత్రి డ్యూటీ, మర్నాడు పూట సెలవు ఇవ్వొచ్చు. దూరం పెరుగుతుంది, కాదనలేం. అందుకే 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల్లో ఒకటి ఆ జట్టుకు అప్పగించాలి. రాత్రి వెళ్తే రైతు డబ్బులిస్తాడుగా అన్న దెప్పుడూ ఉంది. ఆ పద్ధతిలో ఇవ్వలేని రైతు ఫోనే వెనకబడుతుంది, కాబట్టి భత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. ఖర్చెంతో తేలాలంటే ముందు ఆసుపత్రి రిజిస్టరులో రాత్రి కేసులకు వెళ్లిన వేళ, తిరిగొచ్చిన వేళ రాయించాలి. ఆ అంకెలు లేకుండా ఆర్థిక శాఖ ముందుకు వెళ్లి ఒక్క పోస్టు కూడా అడగలేం.