పక్షుల లెక్క రైతున కెందుకు?

కొల్లేటి ప్రాంతమున పక్షుల లెక్క యను మాట వినినంతనే రైతులు ముఖము చిట్లించుట మే మెఱుగుదుము. నేడు పిట్టలను లెక్కింతురు, రేపు మన గట్లను కొలుతురు, ఎల్లుండి ఈ పొలము మీది కాదందురు అని వారి భయము. ఈ భయము నిరాధారమని మేము చెప్పజాలము. 1999లో సముద్రమట్టమునకు ఐదడుగుల కాంటూరు వఱకు గల కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసారు ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో లోపలి చేపలచెరువుల గట్లు తెగగొట్టబడెను. స్వంత పట్టాభూములు గల చిన్నరైతులు సైతము నాటినుండి చిక్కులలో నున్నారు. అయినను ఆ భయముచేత రైతు ఈ లెక్కకు దూరముగా నుండుట తనకే నష్టమని మా యభిప్రాయము. అందుకు కారణములను విన్నవింతుము.

మొదటిది నీటి సంగతి. కొల్లేరు ఒంటరి సరస్సు కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మెట్టప్రాంతపు నీటిని దెచ్చి దీనిలో పోయును. ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. కావున మైలవరము కొండల యొద్ద కొట్టుకొనివచ్చిన మన్నును, దారిలోని పట్టణముల మురుగును, మన చేలలో చల్లిన పురుగుమందును తుదకు ఇచటనే చేరును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినపుడు ఆ సంగతి అందఱ కంటబడినది. కాని కొంచెము కొంచెముగా వచ్చు చెడుగు వరదవలె కంటబడదు. నీటిని పరీక్షించుటకు ప్రయోగశాల కావలెను. పక్షులను చూచుటకు రెండు కన్నులును ఒక నోటుపుస్తకమును చాలును.

చేపలలో చేరిన విషము ఆ చేపలను దినదినము తిను పక్షిలో ఇంకను హెచ్చుగా కూడుకొనును. అమెరికాలో డి.డి.టి. కారణమున గూడబాతుల గ్రుడ్ల పెంకులు పలుచనై పొదుగుటలోనే చితికిపోయెను. ఆ పక్షులు తగ్గుట చూచిన తరువాతనే కారణము వెదకిరి. 1972లో అచట ఆ మందు నిషేధింపబడెను. మన దేశమున సేద్యమునకు దాని వాడుక 1989లో నిలిపివేయబడెను.

రెండవది రాబందుల కథ. ఇది మన పశువుల దొడ్డికి సంబంధించినది. రాజస్థానమందలి భరతపురము నొద్ద 1980 ప్రాంతములనుండి రాబందులను లెక్కించినవారు ఉండుటచేతనే 1990 తరువాత అవి మాయమగుచున్నవని తెలిసెను. తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించెను. పశువులకు వాపును నొప్పిని తగ్గించుట కిచ్చు డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలెను. 2006లో మన దేశమున పశువైద్యమున దానిని నిషేధించిరి. పాతలెక్క లేకుండిన యెడల, ఎన్ని తగ్గినవో, ఎప్పటినుండి తగ్గినవో చెప్పువా రెవరు?

మూడవది, పక్షివలన రైతునకు లాభమును కలదు, నష్టమును కలదు. తమిళదేశమున వేడంతాంగలు రైతులు తమ చెరువుపై వ్రాలు పక్షుల రెట్ట కలిసిన నీరు పొలమునకు బలమని యెఱిగి, 1798లోనే నాటి కలెక్టరు నొద్ద వాటి రక్షణకు కౌలు వ్రాయించుకొనిరి. పసులపోలిగాడును తెల్లకొంగయు చేలలోని పురుగులను ఏరి తినును. మఱియొక ప్రక్క నీటికాకులును గూడబాతులును చెరువులోని చేపపిల్లలను మ్రింగును. ఈ నష్టము కూడ పుస్తకములో వ్రాయవలసినదే. వ్రాయని నష్టమునకు పరిహార మడుగుట యెట్లు?

ఇక మొదటి భయమునకు వత్తము. మనము లెక్కింపకున్నంత మాత్రమున లెక్క ఆగిపోదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ఏటేట జనవరి నడిమి వారములలో స్వచ్ఛంద సేవకులచే జరుగుచున్నది. కొల్లేటిని గూర్చి నిర్ణయించువారు ఇట్టి లెక్కలనే యెదుట పెట్టుకొందురు. పొలముగట్టున నిత్యము తిరుగు రైతు వ్రాసిన దొక్కటియు అందు లేకున్న, ఆ తప్పు ఎవరిది? అడంగలు వ్రాయునపుడు ఇంట కూర్చుండి, పిమ్మట కచేరీచుట్టు తిరుగువానివలె మనము కారాదు. ఏ చెరువువలన పక్షులు తొలగినవో, ఏ వరిచేను వాటిని పోషించుచున్నదో మన పుస్తకమే చెప్పిన నాడు, సేద్యమును చెఱుపును ఒకే గాట కట్టుట యెవరికిని సాధ్యము కాదు.

చేయవలసిన పని స్వల్పము. ప్రతి సంఘమునుండి ముగ్గురు సభ్యులు చాలుదురు. నెల కొకసారి, ఒకే చోట, తెల్లవాఱినపుడు ఒక గంటసేపు గట్టుపై నిలిచి చూడవలెను. తేదీ, నీటిలోతు, పక్షి పేరు, సంఖ్య వ్రాయవలెను. పేరు మన యూరి వాడుకలోనిదైనను చాలును. పెద్ద గుంపైనచో మొదట పదింటిని లెక్కించి, అట్టి పదులెన్నో అంచనా వేయవలెను. ఏమియు కానరాని దినమున సున్న వ్రాయవలెను, అదియు లెక్కయే. గూళ్ల దరికి పోరాదు. ఉన్నదానికంటె హెచ్చుగాగాని తక్కువగాగాని వ్రాయరాదు. ఒక్క అబద్ధము పుస్తకమంతటిని చెఱచును.

పుస్తకము సంఘ కార్యాలయమున నుండవలెను. దాని నకలొకటి అటవీశాఖకు ఏటేట పంపి రసీదు పుచ్చుకొనవలెను. మెట్టనున్న సంఘములును తమ వాగులయొద్ద ఇట్లే చేసినయెడల, పైనీటి చెడుగు పల్లమునకు రాకముందే తెలియును. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు దెచ్చి, ముగ్గురి పేర్లు వ్రాయించుడని సభ్యులను కోరుచున్నాము.