టీచర్ పక్కన నిలబడేవాళ్లూ పరిశోధన చెయ్యొచ్చు

"మావోడికి బుర్ర తక్కువంటావా అక్కా?"

అర్దియాలో మేముండే వీధి చివరి బకాలా దగ్గర ఒక తల్లి నన్ను ఈ మాట అడిగింది. వాళ్లది రాయచోటి వైపు. బాబు రెండో తరగతి. నేను అదే బడిలో క్లాస్ అసిస్టెంట్‌ని. పాఠం చెప్పేది టీచర్. వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని పుస్తకం తీయించడం, లెక్క మళ్లీ చెప్పడం, పెన్సిల్ చెక్కివ్వడం, ఏడిస్తే ఓదార్చడం నా పని. ఆ బాబు పక్కన రోజూ కూర్చునేది నేనే.

"అడిగితే జవాబు చెప్పడు, బాగా నెమ్మది" అని బడి నుంచి ఆమెకు కబురు వెళ్లింది. "ఊరికి పంపించేద్దాం, అవ్వ దగ్గరుండి చదువుకుంటాడు అంటాండాడు మా ఆయన" అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. గల్ఫ్‌లో ఉన్న మనకు ఈ మాట కొత్త కాదు. పిల్లవాడి చదువు గురించి ఒక మాట రాగానే సంసారం రెండు దేశాల మధ్య చీలిపోతుంది.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. "నెమ్మది" అన్న ఆ మాట టీచర్‌కు చెప్పింది నేనే.

ఎన్నిసార్లు అడిగాను? ఎన్నిసార్లు జవాబు చెప్పలేదు? ఏ పీరియడ్‌లో? నన్ను నేను అడుగుకుంటే ఒక్కదానికీ జవాబు లేదు. నా దగ్గర ఉన్నది ఒక అభిప్రాయం మాత్రమే. ఆ అభిప్రాయం మీద ఒక ఏడేళ్ల పిల్లవాడు విమానం ఎక్కబోతున్నాడు.

మన ఊళ్లలో పాల లెక్క ఎలా రాసేవాళ్లో గుర్తుందా? గోడ మీద బొగ్గుతో నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. నెలాఖరున పాలాయన "ముప్పై పూటలు పోశా" అంటే అమ్మ గోడ చూపించేది. గొడవ ఉండేది కాదు. పాలకు అంత జాగ్రత్తగా లెక్క పెట్టిన మనం పిల్లవాడి బుర్ర గురించి లెక్క లేకుండా ఎలా మాట్లాడతాం?

టీచర్‌ను అడిగాను, ఆ తల్లిని అడిగాను. ఇద్దరూ సరేనన్నాక ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. అందులో బాబు పేరు రాయలేదు, ఒక నక్షత్రం గుర్తు వేశాను. ఫోన్‌తో వీడియో తీయలేదు. పిల్లల్ని అలా తీయకూడదు, తీయనక్కర్లేదు కూడా. ఆదివారం నుంచి గురువారం దాకా, రెండు వారాలు, లెక్కల పీరియడ్‌లో మొదటి ఇరవై నిమిషాలు మాత్రమే చూశాను. గోడ గడియారంలో సెకన్ల ముల్లు మీద ఒక కన్ను, పిల్లవాడి మీద ఒక కన్ను. నేను ప్రశ్న అడిగాక వాడికి ఎంత సమయం దొరికింది, జవాబు ఎవరు చెప్పారు అన్న రెండు విషయాలకే గీతలు పెట్టాను.

రెండు వారాల తర్వాత గీతలు కూడితే సిగ్గేసింది. నలభై ప్రశ్నల్లో ముప్పై ఒకటింటికి మూడు సెకన్లు కూడా గడవకముందే నేనే జవాబు చెప్పేశాను, లేకపోతే వేలు పెట్టి చూపించేశాను. మిగతా తొమ్మిదిసార్లు నాకు అడ్డం వచ్చింది. టీచర్ పిలిచింది, ఇంకో పాప చెయ్యి లాగింది. ఆ తొమ్మిదింటిలో ఆరుసార్లు బాబే జవాబు చెప్పాడు. అంటే నేను పక్కకు తిరిగినప్పుడు వాడికి జవాబు వస్తోంది.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నేను కనిపెట్టింది కాదని. అమెరికాలో సైన్స్ బోధన మీద పనిచేసిన మేరీ బడ్ రో 1970ల్లోనే తరగతి గదుల్లో ఈ సెకన్లు లెక్కపెట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, మెరుగ్గా ఉంటున్నాయని, "తెలీదు" అనడం తగ్గుతోందని ఆమె చూపించారు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీష్, రెండో భాషగా హిందీ, పైన అరబిక్ అక్షరాలు మోసే మన పిల్లలకు ఆ మూడు సెకన్లు ఇంకెంత అవసరమో మీరే ఆలోచించండి.

ఆ తర్వాతి రెండు వారాలు ఒక్కటే మార్చాను. అడిగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి గానీ నోరు తెరవలేదు. చెప్పినంత తేలిక కాదది. చెయ్యి దానంతటదే పుస్తకం మీదికి పోయేది. ముప్పై ఎనిమిది ప్రశ్నల్లో ఇరవై మూడింటికి బాబే జవాబు చెప్పాడు. అందులో ఆరు తప్పు. ఆ తప్పులే నాకు దారి చూపించాయి. తప్పుల్లో ఎక్కువ భాగం ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీ, థర్టీన్ అంటే థర్టీ అనుకోవడం. తెలుగులో పదిహేను, యాభై అంటే ఎవరూ తడబడరు. వాడికి లెక్క రాక కాదు, ఇంగ్లీష్ అంకె చెవికి సరిగ్గా అందక. నేను ముందే జవాబు చెప్పేస్తూ ఉన్నంతకాలం ఈ సంగతి బయటపడే అవకాశమే లేదు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. నా లెక్క నాకు అనుకూలంగా వచ్చిందేమోనని టీచర్‌ను రెండు రోజులు వెనక కూర్చుని గీతలు పెట్టమన్నాను. ఆమె లెక్క, నా లెక్క కలవలేదు. నేను తల ఊపి సాయం చేసినప్పుడు వచ్చిన జవాబును ఆమె "పిల్లవాడు చెప్పింది"గా రాయలేదు. నేను రాశాను. అప్పుడు ఇద్దరం కూర్చుని "సొంత జవాబు" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాల్సి వచ్చింది. ఆమె చెప్పిందే న్యాయం. నా ఇరవై మూడులో కొన్ని తగ్గుతాయి. పైగా ఆ వారాల్లో పాఠం కూడా మారింది, కొత్త పాఠం కాస్త తేలిక కావచ్చు. ఒక్క పిల్లవాడి లెక్కతో పిల్లలందరి గురించి ఏమీ చెప్పలేను. కానీ ఆ ఒక్క పిల్లవాడి గురించి మునుపటి కన్నా నిజం చెప్పగలను.

పరిశోధన అంటే ఇంతేనా అంటారేమో. దీని మొదటి మెట్టు మాత్రం ఇదే. తన పనిని తనే ప్రశ్నించుకుని, ఒకటి మార్చి, ఫలితం చూసి, మళ్లీ మార్చే ఈ పద్ధతికి యాక్షన్ రీసెర్చ్ అన్న పేరు ఉంది. 1940ల్లో కర్ట్ లెవిన్ దాన్ని వాడుకలోకి తెచ్చారు. బ్రిటన్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో రాసిన పుస్తకంలో, టీచర్ల పనిని బయటివాళ్లు పరిశీలిస్తే చాలదని, టీచర్లే తమ పనిని పరిశీలించుకోవాలని వాదించారు. ఆ మాట టీచర్ దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? టీచర్ పక్కన నిలబడే అసిస్టెంట్‌కు, షాడో టీచర్‌కు, ఆయాకు ఎందుకు వర్తించకూడదు?

మా మీద పరిశోధనలు జరగలేదని కాదు. ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో 2003 నుంచి 2008 దాకా పీటర్ బ్లాచ్‌ఫర్డ్ బృందం మాలాంటి సహాయకుల పనిని పెద్ద ఎత్తున పరిశీలించింది. సహాయకుల అండ ఎక్కువ దొరికిన పిల్లలు, అలాంటి స్థితిలోనే ఉండి అండ తక్కువ దొరికిన పిల్లల కన్నా చదువులో తక్కువ ముందుకు వెళ్లారని తేలింది. చదివినప్పుడు గుండెలో రాయి పడింది. కానీ తప్పు సహాయకులది కాదని, వాళ్లను వాడుకునే తీరుదని ఆ బృందమే చెప్పింది. టీచర్‌తో ముందుగా మాట్లాడుకునే సమయం ఇవ్వరు. పిల్లవాడికి అర్థమైందా అన్నదాని కన్నా పని పూర్తయిందా అన్నదే ముఖ్యమవుతుంది. నా నలభై ప్రశ్నల్లో కనిపించిందీ అదే.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పెద్ద అధ్యయనం జరిగింది. 2005 తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల పల్లె బడుల్లో చేశారు. లాటరీ పద్ధతిలో ఎంచిన వంద ప్రభుత్వ ప్రాథమిక బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచర్‌ను అదనంగా ఇచ్చారు. మన జనం విద్యా వలంటీర్లు అని పిలిచేది ఇలాంటివాళ్లనే. జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో చిన్న ముక్క, శిక్షణ తక్కువ, చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలకు లెక్కల్లో, భాషలో మార్కులు మెరుగ్గా వచ్చాయి. వలంటీర్లు రెగ్యులర్ టీచర్ల కన్నా తక్కువగా సెలవు పెట్టారని కూడా తేలింది. సంతోషమే. కానీ ఈ రెండు అధ్యయనాల్లోనూ సహాయకులు లెక్కకు వచ్చినవాళ్లే గానీ లెక్క పెట్టినవాళ్లు కాదు.

కింది నుంచి లెక్క పెడితే ఏమవుతుందో మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో చూడొచ్చు. అక్కడ పద్మనాభరావు, రమ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచర్, ఎన్నో తరగతులు ఉండే చిన్న బడులతో పనిచేశారు. పిల్లవాడు తన వేగంతో మెట్టు మెట్టుగా ఎక్కేలా కార్డులు, వాటికో నిచ్చెన తయారు చేశారు. అందులో పల్లె బడుల టీచర్ల అనుభవం ఉంది. అది చూసి వచ్చిన కర్ణాటక టీచర్లు 1995లో మైసూరు జిల్లాలో "నలి కలి" మొదలుపెట్టారు. మన రాయచోటి, మదనపల్లె నేల మీద పుట్టిన ఆలోచన అంత దూరం వెళ్లింది. అదే నేల నుంచి కువైట్ వచ్చిన మనం "ఆయమ్మకు పరిశోధన ఎందుకు" అంటే ఎలా?

ఆ మాట నాతో అన్నవాళ్లు ఉన్నారు. "నీ జీతానికి ఇదంతా ఎందుకమ్మా" అన్నారు. జీతం సంగతి నిజమే, అది వేరే పోరాటం. అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పరిశీలన పేరుతో పిల్లల మీద నిఘా మొదలవుతుందేమో, ఆ నోటుబుక్కు రేపు బడి నుంచి పంపించేయడానికి సాక్ష్యమవుతుందేమో అని. ఆ తల్లి కూడా మొదట అదే అడిగింది, "రాసిందంతా ఆఫీసుకు పోతుందా అక్కా?" అని. ఆ భయం న్యాయమైనది. అందుకే నేను పెట్టుకున్న నియమాలు ఇవి. తల్లిదండ్రులు వద్దంటే మొదలుపెట్టకూడదు, మధ్యలో వద్దన్నా ఆపేయాలి. పేరు ఉండకూడదు. రాసింది ముందు తల్లిదండ్రులకు చూపించాలి. అన్నిటి కన్నా ముఖ్యంగా, లెక్క పెట్టాల్సింది ముందు నా పనిని, తర్వాతే పిల్లవాడిని. నా ప్రశ్న "వీడు ఎందుకు చెప్పడం లేదు" అయి ఉంటే వాడి మీద ఇంకో ముద్ర పడేది. "నేను ఎంతసేపు ఆగుతున్నాను" అని అడిగాను కాబట్టి మారాల్సింది ఎవరో తెలిసింది.

ఇక్కడి బడుల్లో ఈ పని చేసే తెలుగు ఆడవాళ్లు నేనొక్కదాన్నే కాదు. వాళ్లకు నేను చెప్పేది ఇది. ఒక్క ప్రశ్న ఎంచుకోండి. గీత పెట్టి లెక్కించగలిగింది కావాలి. రెండు వారాలు ఏదీ మార్చకుండా చూడండి. తర్వాత ఒక్కటే మార్చండి. ఇంకొకరి చేత కూడా లెక్క పెట్టించండి. కలవకపోతే దాన్నీ రాయండి.

బడులను నేను కోరేది వారానికి ఇరవై నిమిషాలు. టీచర్, అసిస్టెంట్ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమయం. దానికి కొత్త గది అక్కర్లేదు, కొత్త ఫీజు అక్కర్లేదు. మన తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి హాలు తీసుకుంటాయి. ఏడాదిలో ఒక్క శుక్రవారం సాయంత్రం ఈ సహాయకుల కోసం పెట్టండి. ఎవరి నోటుబుక్కు వాళ్లు తెచ్చుకుని ఒకరికొకరు చూపించుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లవాడు "నెమ్మది" అని ఎవరన్నా అంటే, అది టీచరైనా నేనైనా, కోప్పడకండి, భయపడకండి. "ఎన్నిసార్లు అడిగి చూశారు? ఎంతసేపు ఆగారు?" అని అడగండి. లెక్క ఉంటే చూపిస్తారు. లేకపోతే ఆ రోజు నుంచి పెట్టడం మొదలవుతుంది.

ఆ బాబు ఇప్పటికీ క్లాసులో మొదటివాడేమీ కాదు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర ఇంకా తడబడతాడు. కానీ ఇక్కడే చదువుతున్నాడు. వాళ్ల నాన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఆట ఆడుకుంటున్నారట. మొన్న బకాలా దగ్గర మళ్లీ కలిసింది ఆ తల్లి. ఈసారి బుర్ర గురించి అడగలేదు. "అక్కా, ఈ వారం గీతలు ఎన్ని?" అంది.