వారంలో గంట పని – దానికి పేరు కొలువా?

2025 మే నుంచి ఢిల్లీలోని గణాంక శాఖ వాళ్లు నెలనెలా ఒక అంకె చెబుతున్నారు. దేశంలో పని కావాలనుకునే వందమందిలో ఎంతమందికి పని లేదు అనేది ఆ అంకె. మొట్టమొదట ఏప్రిల్ నెలకు 5.1 శాతం అన్నారు. అంటే తొంభై ఐదుమందికి పని ఉన్నట్టే గదా! మా బోయిగూడలో టీ హోటలు కాడ ఒక పెద్దమనిషి పేపరు మడిచి నా ముందర పెట్టి, "కరోనా దెబ్బ నుంచి దేశం ఎప్పుడో లేచి నిలబడ్డది మాస్టారూ, మీరే ఇంకా ఏడుస్తున్నరు" అన్నాడు.

నేను ఏడవడం లేదు, లెక్క అడుగుతున్నాను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకొని బతికేవాణ్ణి. పిల్లోడు పలక మీద జవాబు రాసుకొచ్చి చూపిస్తే నేను మొదట అడిగేది ఒక్కటే. "దేన్ని లెక్కపెట్టినవ్ రా?" మామిడికాయలూ రాళ్లూ కలిపి కూడితే జవాబు ఎంతైనా వస్తుంది.

కాబట్టి మిత్రులారా, ముందు వాళ్లు దేన్ని లెక్కపెడుతున్నారో చూద్దాం. సర్వే మనిషి ఇంటికొచ్చి గడిచిన ఏడు రోజుల సంగతి అడుగుతాడు. ఆ ఏడు రోజుల్లో ఏదో ఒక రోజున, ఒక్క గంట పని చేసి ఉంటే చాలు, నువ్వు పనిలో ఉన్నట్టే. రూపాయి కూలి లేకుండా సొంత చెలకలోనో అన్న దుకాణంలోనో సాయం చేసినా పనిలో ఉన్నట్టే. నెల జీతం కొలువు పేరుకు ఉండి, పనికి పోకపోయినా పనిలో ఉన్నట్టే. నీకెంత ముట్టిందని కూడా అడుగుతారు, కాదనను. కానీ అది వేరే పట్టికలో పడి ఉంటుంది. పేపరు మొదటి పేజీకి ఎక్కేది అది కాదు.

ఇది ఎవరో మన మీద కుట్రపన్ని కనిపెట్టిన కొలత కాదు. గంట కొలత అంతర్జాతీయ కార్మిక సంస్థది కూడా. పని పోతే సర్కారు భృతి ఇచ్చే దేశంలో పని లేనివాడు పని లేనట్టే ఉండగలడు, వెతుక్కుంటాడు, లెక్కకు దొరుకుతాడు. మన వాడల్లో పని లేకుండా వారం రోజులు ఉండగలిగినవాడు ఎవడు? ఖాళీగా కూర్చునే స్తోమత లేనివాళ్లం మనం. అందుకే నిరుద్యోగుల పట్టికలో మన పేర్లు తక్కువ పడతాయి. అది మన సుఖానికి గుర్తని వాళ్లు చదువుకుంటారు.

నా సంగతే చెబుతా. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కి డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాణ్ణి నేను. మా నాయిన ఇక్కడి కట్టెల డిపోల్లో దుంగలు మోసి మోసి భుజం కాయ కట్టించుకున్నాడు. నేను ప్రైవేటు బడిలో పంతులును. 2020 మార్చిలో బడి మూసేశారు, ఏప్రిల్ నుంచి జీతం ఆపేశారు. రిజిస్టర్లో పేరు మాత్రం కొట్టెయ్యలేదు. బడి తెరిస్తే పిలుస్తామన్నారు. ఆ ఎండాకాలం మా బావ ఆటోలో మామిడికాయలు వేసుకొని గల్లీ గల్లీ తిరిగి అమ్మినం. ఒకరోజు నా క్లాసు పిల్లోడి తల్లే బేరమాడింది, మాస్కులో నన్ను గుర్తుపట్టలేదు, అదే నయమాయె. ఇప్పుడు చెప్పండి, ఆ వారం సర్వే మనిషి వచ్చి ఉంటే నేనెవరిని? బడి రిజిస్టరు ప్రకారం కొలువున్నవాణ్ణి. మామిడికాయల ప్రకారం స్వయం ఉపాధి పొందినవాణ్ణి. రెండు విధాలుగా ఉద్యోగిని! ఇంట్లో బియ్యం డబ్బా మాత్రం ఏ విధంగానూ నిండలేదు. ఏడాది తిరిగినాక, 2021 ఏప్రిల్లో, రాష్ట్ర సర్కారు ప్రైవేటు పంతుళ్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నది. ఆధార్ కార్డు పట్టుకొని లైన్లో నిలబడ్డ. సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సింది నేనా?

ఇక అసలు వింత వినండి. ఏడాదికొకసారి వచ్చే లెక్క ఇంకొకటి ఉన్నది. అందులో ఏడాది పొడుగునా ఎక్కువ కాలం ఏం చేశావని అడుగుతారు. అలా పనిలో లేకున్నా, ముప్ఫై రోజులు ఏదైనా పని చేసి ఉంటే పనివాడి కిందనే జమ. ఆ లెక్కలో 2018 జులై నుంచి 2019 జూన్ వరకు నిరుద్యోగం 5.8 శాతం. ఆ తర్వాతి ఏడాదిలో లాక్‌డౌన్ నెలలు ఉన్నాయి, రైళ్లు ఆగినయి, షట్టర్లు పడ్డయి. అంకె ఎంతైంది? 4.8 శాతానికి తగ్గింది. ఆ తర్వాతి ఏడాది 4.2. దేశం మూతబడిన కాలంలో నిరుద్యోగం తగ్గిందట! అదే శాఖ వాళ్లే పట్టణాల్లో వారం లెక్క తీస్తే 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు దాదాపు 21 శాతం మందికి పని లేదని తేలింది. ఒకే శాఖ, రెండు కొలతలు. ఏ కొలత అక్కరకొస్తే మంత్రులు ఆ కొలత పట్టుకొని ఉపన్యాసం చెప్పారు.

మరి ఆ ఏడాది లెక్క ఎట్ల తగ్గింది? అబద్ధం రాయలేదు. అక్కడే మనం జాగ్రత్తగా చదవాలి. మొత్తం పనివాళ్లలో వ్యవసాయంలో ఉన్నవాళ్లు 42.5 శాతం నుంచి రెండేళ్లలో 46.5 శాతానికి పెరిగారు. కూలి లేకుండా ఇంటి పొలంలో, ఇంటి దుకాణంలో సాయం చేసేవాళ్లు 13.3 నుంచి 17.3 శాతానికి పెరిగారు. నెల జీతగాళ్లు 23.8 నుంచి 21.1 కి పడిపోయారు. అంటే ఏం జరిగింది? మా చిన్నాయన కొడుకు నగరంలో వెల్డింగు షాపులో చేసేవాడు, షాపు మూతబడితే జనగామ దిక్కు ఊరికి పోయిండు. అక్కడ వాళ్లకు ఎకరం అసైన్డ్ భూమి. తండ్రీ తల్లీ చేసే పనిలో వీడూ ఒక చెయ్యి వేసిండు. ఎకరం రెండెకరాలు కాలేదు, పంట పెరగలేదు, పంచుకు తినే నోరు మాత్రం ఒకటి పెరిగింది. లెక్కల పుస్తకంలో వాడు ‘వ్యవసాయ రంగంలో ఉపాధి’. ఇట్లాంటివాళ్లు దేశంలో ఎన్ని లక్షలమందో! ఊళ్లు మనుషులను మింగుకున్నయి, దాన్ని ‘ఉపాధి పెరుగుదల’ అన్నారు.

కరోనా రాజు పేద తేడా చూడదని ఆ రోజుల్లో టీవీల్లో తెగ చెప్పారు. రోగం సంగతి నాకు తెలియదు, పని పోవడం మాత్రం కులం చూసే పోయింది. అశ్వినీ దేశ్‌పాండే, రాజేష్ రామచంద్రన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2019 డిసెంబరునూ 2020 ఏప్రిల్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. పనిలో ఉన్న అగ్రకులాల వాళ్లు వందకు 39 మంది నుంచి 32 కు తగ్గితే, షెడ్యూల్డ్ కులాల వాళ్లు 44 నుంచి 24 కు పడ్డారు. వాళ్లకు ఏడు, మనకు ఇరవై. లాప్‌టాప్ ముందర కూర్చొని ఇంటి నుంచి పని చేసేవాడికి నెల తిరిగితే జీతం పడింది. రోజుకూలికి కాగితం ఉండదు, సెలవు ఉండదు, మేస్త్రి ఫోనే అపాయింట్‌మెంటు ఆర్డరు. మరి మన పని ఆగనిది ఎక్కడ? చెత్త ఎత్తేకాడ, మోరీ తీసేకాడ, శవం మోసేకాడ. మా బోయిగూడ పక్కనే గాంధీ ఆసుపత్రి. 2020 లో కరోనా రోగులందరినీ అక్కడికే తెచ్చారు. వాళ్లకోసం చప్పట్లు కొట్టారు, పూలు చల్లారు. అదే ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులూ నాలుగో తరగతి సిబ్బందీ జులైలో జీతాల కోసం సమ్మెకు దిగాల్సి వచ్చింది. చప్పట్లు బియ్యం కాలేదు మరి.

పీఎఫ్ లెక్కలదీ ఇదే కథ. పీఎఫ్‌లో ఇన్ని లక్షల కొత్త పేర్లు చేరాయి, అన్ని కొలువులు వచ్చినట్టేనని చాటారు. సాధారణంగా ఇరవైమంది పైన ఉన్న చోటే పీఎఫ్. కట్టెల డిపో హమాలీకి ఉందా? ఇండ్లల్ల పనిచేసే మా అక్కలకు ఉందా? పైగా 2020 అక్టోబరు నుంచి కేంద్రం ఒక పథకం పెట్టింది. మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 మధ్య పని పోయినవాణ్ణి, జీతం పదిహేను వేల లోపు అయితే, మళ్లీ పెట్టుకున్నా కొత్త ఉద్యోగి కిందనే జమకట్టి పీఎఫ్ సొమ్ము సర్కారే కట్టింది. కట్టడం మంచిదే. కానీ పోయిన కుండ దొరికితే కొత్త కుండ కొన్నట్టా?

‘మళ్లీ తెరిచారు, మళ్లీ పనులొచ్చాయి’ అన్న మాట మా బోయిగూడలో ఎట్లా ఉంటుందో ఇప్పుడు చెప్పాలి.

2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు కదిలింది. పన్నెండు వందలమంది కూలీలను ఎక్కించి పంపారు. వారం తిరిగిందో లేదో, మే 8న, బీహారు ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. రైసు మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలు కావాలె గదా! పోయేవాడికి ఇల్లు కావాలి, వచ్చేవాడికి కూడు కావాలి. ఎదురెదురుగా పోయిన ఆ రెండు రైళ్లను ఏ అంకెలో చూపిస్తారు? నడిచి పోయినవాళ్ల సంగతి సరేసరి. ములుగు మిరప చేన్ల నుంచి ఛత్తీస్‌గఢ్‌కు నడిచిపోతూ పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల ఆ ఏప్రిల్లో దారిలోనే చనిపోయింది. పదిహేనేళ్లు నిండనివాళ్లు ఆ పేపరు అంకెలోకి రారు, కాబట్టి ఆ పిల్ల పని చేసిందని లెక్కలోనూ లేదు. దారిలో ఎందరు వలస కూలీలు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, సెప్టెంబరులో కార్మిక శాఖ ఇచ్చిన జవాబు, తమ వద్ద వివరాలు లేవని! పనిలో చేరిన ప్రతి గంటా లెక్కకు దొరుకుతుంది, చావు దొరకదు.

మరి రైళ్లెక్కి తిరిగొచ్చినవాళ్లు ఎక్కడ పడుకున్నారు? 2022 మార్చి 23 తెల్లవారుజామున, రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించి రెండేళ్లు దాటిన మరునాడు, మా బోయిగూడలో ఒక తుక్కు గోదాము అంటుకున్నది. కింద పాత సీసాలు, కాగితాలు, ప్లాస్టిక్కు. పైన గదుల్లో బీహారు కూలీలు పన్నెండుమంది పడుకొని ఉన్నారు. దిగడానికి ఒకటే ఇరుకు మెట్లు. ఒకడు దూకి బతికాడు. పదకొండుమంది లోపలే పోయారు. తెల్లారి మేం పోయేసరికి పొగ వాసన రైల్వే స్టేషను దాకా ఉన్నది. ఎవరి పేరేమిటో చెప్పగలిగిన మనిషి గల్లీలో లేడు. రోజూ వాళ్ల పక్కనుంచే బడికి పోయేవాణ్ణి, నాకూ తెలియదు. ఆ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉన్నది. తర్వాత ప్రధానమంత్రి రెండు లక్షలు, అప్పటి ముఖ్యమంత్రి ఐదు లక్షలు ప్రకటించారు, శవాలను విమానంలో పాట్నాకు పంపారు. ఆ ముందు వారం సర్వే మనిషి పోయి ఆ మెట్లెక్కి ఉంటే? పన్నెండుకు పన్నెండుమందీ పనిలో ఉన్నవాళ్లే. నిరుద్యోగం సున్నా శాతం. అంతకంటే మంచి అంకె ఏ గణాంక శాఖ ఇవ్వగలదు?

ఆనాడు అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం గుత్తేదారు తెచ్చిన ప్రతి కూలీకీ ఫొటోతో పాసు పుస్తకం ఇవ్వాలి, పడుకునేందుకు తగిన చోటు చూపించాలి. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎవరైనా అట్లాంటి పాసు పుస్తకం కంటితో చూసి ఉంటే చెప్పండి, నేను చూడలేదు.

మనవాళ్లలోనే కొందరు, "బీహారోళ్లు వచ్చి మన హమాలీ పనులు గుంజుకున్నరు, వాళ్ల కోసం మనమెందుకు కొట్లాడాలె" అంటున్నారు. మా నాయిన మోసిన దుంగనే వాడూ మోస్తున్నాడు, అంతకంటే తక్కువకు మోస్తున్నాడు. అన్నా, కూలి తగ్గించింది వాడా, వాడి ఆకలిని రైలెక్కించి తెచ్చినోడా? ఇంకొందరు యువకులు, "సర్కారు లెక్కలన్నీ బోగస్, చించి పారెయ్యాలె" అంటున్నారు. నేనొప్పుకోను. జీతం లేని చాకిరి పెరిగిందని చెప్పిందీ ఆ లెక్కలే, మన కులాన్ని మూడు రెట్లు దెబ్బకొట్టిందని చూపించిందీ అట్లాంటి లెక్కలే. అంబేద్కర్ ఆర్థికశాస్త్రం చదివిన మనిషి, అంకెలకు భయపడలేదు. చింపేస్తే వాళ్లకే మంచిది. మనం రెండో పేజీ చదవాలి, మూడో పట్టిక చదవాలి. అక్కడ లేనిది మనమే రాసుకోవాలి.

బోయిగూడలో మేం నలుగురం నోటు పుస్తకాలు పట్టుకొని మూడు గల్లీలు తిరిగినం. పని ఉందా లేదా అని అడగలేదు. 2020 కి ముందు ఎవరి దగ్గర చేసేవారు, ఇప్పుడెవరి దగ్గర, రోజుకు ఎన్ని గంటలు, నెలలో ఎన్ని రోజులు, చేతికెంత, బాకీ ఎంత, రాత్రి పడుకునే చోట తలుపులెన్ని అని అడిగినం. మొదటి గల్లీలో ఒక అవ్వ, నాలుగిండ్లల్ల బాసండ్లు తోమేది, ఇప్పుడు రెండే ఇండ్లు. "పనున్నది బిడ్డా, పైసలే సగమైనయి. రాసుకో" అన్నది. రాసుకున్నం. ఊళ్లల్లో, బస్తీల్లో సంఘాలు ఇదే తీరుగా రాసి, మేస్త్రి పేరు లేకపోయినా సరే, ఊరి పేరూ వాడ పేరూ మాత్రం మరువకుండా, వచ్చే సంచిక అచ్చుకు పోకముందే పత్రికకు పంపండి.