టైటానియానికి ఆలుచిప్ప జిగురు

హైదరాబాద్‌లో జహనుమా నుంచి కంచన్‌బాగ్ ఎంతో దూరం లేదు. 1973లో అక్కడ ఏర్పాటైన మిధాని సంస్థ టైటానియం మిశ్రలోహాలతో పాటు శరీరంలో అమర్చే ఇంప్లాంట్లూ తయారుచేస్తోంది. లోహం గట్టిదే. కానీ ఎముక కణానికి అది పరాయి వస్తువు.

ఆ పరాయితనాన్ని పోగొట్టే ఉపాయం సముద్రపు ఆలుచిప్ప దగ్గరుంది. అలలు ఎంత బాదినా అది సన్నని దారాలతో బండను పట్టుకునే ఉంటుంది. ఆ దారాల కొసల్లోని ప్రొటీన్లలో ఉండే డోపా అనే అమైనో ఆమ్లం, తడిలో కూడా లోహంపైని ఆక్సైడ్ పొరకు అతుక్కుంటుంది. మామూలు జిగుర్లు ఓడిపోయేది సరిగ్గా అక్కడే. ఇక ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వరుసగా ఉన్నచోట కణాలకు పట్టు దొరుకుతుందని 1984లో తేలింది. ఈ రెంటినీ చెరో కొసన పెట్టి చిన్న పెప్టైడ్ అల్లితే, ఒక చెయ్యి లోహాన్ని, ఇంకో చెయ్యి కణాన్ని పట్టుకుంటుంది.

ప్రయోగశాలల్లో ఫలితాలు ఆశాజనకం. శరీరంలో మన్నిక, శుద్ధి, ఖర్చు ఇంకా చిక్కులే.

లోహవిద్య కంచన్‌బాగ్‌లో, రసాయనశాస్త్రం తార్నాక ఐఐసీటీలో, కణశాస్త్రం హబ్సిగూడ సీసీఎంబీలో ఉన్నాయి. అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి కనుక, ఈ మూడింటినీ కలిపే ఉమ్మడి పథకానికి ప్రభుత్వాలు నిధులివ్వాలి.