దారి మనది, లాభమెవరిది?

కొండవీటి కోట కింద, యడ్లపాడు దగ్గర రహదారి పక్కన ఒక్క గంట నిలబడి చూడండి. చెన్నై నుంచి కోల్‌కతాకు, అటునుంచి ఇటుకు పోయే లారీల వరుస కొండవీటి చాంతాడంత కనబడుతుంది. దేశం ఎదుగుతోంది, సరుకు కదలాలి, ఇరుగు పొరుగు దేశాలతో కలిపే దారులు కావాలి అంటున్నారు పాలకులు. కావాలి, ఎవరు కాదన్నారు? మేమడిగేది ఒక్కటే: దారి పడ్డ నేలకు, ఆ నేల దున్నేవాడికి దక్కేదేమిటి?

ఈ ప్రశ్న కొండవీటికి కొత్తది కాదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి ఒకనాడు పెద్ద రేవు. గాలివానకు ఓడ ఒడ్డున పడితే అందులో సరుకు రాజు స్వాధీనం చేసుకోవడం ఆనాటి రివాజు. 1244లో కాకతి గణపతిదేవుడు ఆ రివాజును మాన్పించి, 30 పాళ్లలో ఒక పాలు మాత్రమే సుంకమని శాసనం వేయించాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అక్కడే మళ్లీ వర్తకులకు అభయమిచ్చాడు. సుంకం ఎంతో రాతి మీద ఉంది కాబట్టి వర్తకుడు ధైర్యంగా వచ్చాడు. చీనా పట్టు, హురుముంజి గుర్రాలు, సింహళం ఏనుగులు తెప్పించిన అవచి తిప్పయసెట్టి పేరు శ్రీనాథుడి హరవిలాసంతో నిలిచింది.

ఇంతవరకు బాగానే ఉంది. మరి రైతుకేం ఒరిగింది? కప్పురం, కస్తూరి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాల్లో ఖర్చయ్యాయి. చివరి రాజు రాచవేముడి కాలానికి బిడ్డ పుడితే పురిటి పన్ను కట్టమన్నారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. దారి లాభం కోటలో ఆగిపోయింది, దారి ఖర్చు మాత్రం ఊళ్లలోకి దిగింది. పైగా దారిలో ఉన్న నేల మీద అందరి కన్నూ పడుతుంది. గజపతులు వచ్చారు, 1515లో కృష్ణదేవరాయలు వచ్చాడు, 1579లో గోలకొండ నవాబులు, 1788లో ఇంగ్లీషువాళ్లు. జెండా మారినప్పుడల్లా శిస్తు కట్టింది మాత్రం ఆ రైతే.

ఇప్పటి సంగతి చూద్దాం. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల రైలుమార్గం పల్నాడు మీదుగా పడుతోంది. విజయవాడ రద్దీ తగలకుండా తెలంగాణ సరుకును దక్షిణాదికి చేర్చడం దాని పని. మంచిదే. కానీ పొలం పోయినప్పుడు పరిహారం పాసుపుస్తకం ఉన్నవాడికి పోతుంది. ఆ పొలాన్ని పదేళ్లుగా చేస్తున్న కౌలు రైతు గతేమిటి? కౌలుదార్లు కూడా నష్టపోయినవాళ్లేనని 2013 భూసేకరణ చట్టమే చెప్పింది. కానీ కాగితమేదీ? కౌలు కార్డు కావాలంటే భూయజమాని సంతకం తెమ్మంది 2019 రాష్ట్ర చట్టం. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం, అడిగితే కౌలు పోతుందేమోనని ఇతని భయం!

మిర్చి సంగతి చెబుతాం. 2020లో కరోనా వల్ల సరిహద్దులో లారీలు ఆగిపోతే, గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండుమిర్చి ప్రత్యేక రైల్లో బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు వెళ్లింది. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలయ్యే ఖర్చు రైలుకు 4,608 అయిందని రైల్వేవారే ప్రకటించారు. అంటే టన్నుకు 2,392 రూపాయలు ఆదా. అందులో ఒక్క రూపాయైనా కల్లంలో రైతు ధరలో కలవాలని ఎవరన్నా షరతు పెట్టారా? లేదు. 2025 ఫిబ్రవరిలో యార్డులో ధర కూలితే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించింది. కోత కూలికీ పురుగుమందు అప్పుకీ అది చాలదని రైతు మొత్తుకున్నాడు. చైనా, వియత్నాం, శ్రీలంక మన మిర్చి కొంటాయి. దారులున్నాయి, గిట్టుబాటు ధరే లేదు.

దారి మీద కూర్చున్న దేశాలూ ఈ పాఠం నేర్చుకుంటున్నాయి. 2015లో భారత సరిహద్దు నుంచి సరుకు ఆగిపోయి నెలల తరబడి వంటగ్యాసుకూ మందులకూ అల్లాడిన నేపాల్, 2016లో చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది. ఒకే వాకిలి మీద బతకడం ఎంత ప్రమాదమో దానికి తెలిసొచ్చింది. చిట్టగాంగ్, మోంగ్లా రేవుల మీదుగా మన ఈశాన్య రాష్ట్రాలకు సరుకు చేర్చుకోవడానికి బంగ్లాదేశ్ 2018లో ఒప్పుకుంది. బంగ్లా సరుకు మన రేవుల గుండా ఇతర దేశాలకు పోయే వెసులుబాటును 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ రద్దు చేసింది. పెద్దవాడికి కోపమొస్తే దారి మూతపడుతుంది. నష్టం మాత్రం రెండువైపులా పండించేవాళ్లదీ, మోసేవాళ్లదీ.

అందుకే దారికి మేం అడ్డం కాదు. దారి షరతులు ముందే రాసి పెట్టమంటున్నాం, మోటుపల్లి రాతి మీద రాసినట్టు. పొలం పోయిన కౌలు రైతుకు, కూలికి పరిహారంలో వాటా కావాలి. యజమాని సంతకంతో పని లేకుండా కౌలు గుర్తింపు కావాలి. కొత్త రైలుదారిలో పల్నాడు స్టేషన్ల దగ్గర రైతు సరుకు దింపి దాచుకోవడానికి షెడ్లు, శీతల గిడ్డంగులు కావాలి. సరిహద్దు మూసినా, తెరిచినా కోతకు ముందే మిర్చికి గిట్టుబాటు ధర ప్రకటించాలి.

చాంతాడు ఎంత పొడుగైతే ఏం? తోడిన నీళ్లు ఎవరి కుండలో పడ్డాయన్నదే లెక్క. ఆ లెక్క అడగడానికి ఊరూరా రైతులు, కౌలుదార్లు, కూలీలు ఒక్కటిగా కదలాలి.