మీ పాత వీధి మీ పిల్లలకు తెలుసా?

మూడో తరగతి ఈవీఎస్‌లో ఇరుగుపొరుగు పటం గీయమంటే మా క్లాస్‌లో దాదాపు అందరూ ఒకటే గీస్తారు. అపార్ట్‌మెంట్, గేటు, పసుపు బస్సు, స్కూలు. మధ్యలో అంతా తెల్ల కాగితమే. పిల్లల్ని అనడానికి లేదు, వాళ్లు చూసేది అంతే. ఆ ఖాళీని నింపడం టీచర్ల వల్ల అయ్యే పని కాదు. ఒక ఆదివారం మీరు పెరిగిన వీధికి మీ పిల్లల్ని తీసుకెళ్లమని నా మనవి.

నేను పెరిగింది విజయవాడ సింగ్‌నగర్‌లో, ఆరు కుటుంబాలకు ఒకటే కుళాయి ఉన్న అద్దె పోర్షన్‌లో. నా డిగ్రీ అయ్యాక అక్కడి నుంచి వచ్చేశాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఆ వీధులను ముంచేసింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరు అది. వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

నీళ్లు తీశాక వెళ్లాను. గోడల మీద బురద గీత నా భుజం కంటే పైన ఉంది. మా పక్కవాటా పిన్నిగారు నన్ను గుర్తుపట్టి, టీ ఇవ్వలేకపోతున్నానని నొచ్చుకున్నారు. స్టవ్ బురదలో ఉంది మరి! 2005లో నీళ్లు ఎటు నుంచి వచ్చాయో ఈసారీ అటు నుంచే వచ్చాయని చేత్తో చూపించారు. ఆ సంగతి గుర్తుండబట్టే బియ్యం, సర్టిఫికెట్లు ముందే మేడ మీదికి చేర్చారట. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్లకు అది చెప్పేవాళ్లే లేకపోయారు.

“మేం పడ్డ కష్టాలు వాళ్లకెందుకు మేడమ్?” అని పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. “మా నాన్న బిందె పట్టుకుని లైన్లో నిలబడేవాడట, అబద్ధం కదా మేడమ్?” అని ఒక బాబు నన్నే అడిగాడు. మీరు పుట్టినప్పటి నుంచీ కారులోనే తిరిగారని వాళ్ల నమ్మకం!

వెళ్తే కారు మొదట్లోనే ఆపి నడవండి. “చూశావా, నేనెంత కష్టపడ్డానో” అని మొదలుపెట్టకండి, పిల్లలు అక్కడే చెవులు మూసుకుంటారు. మీ ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టేసి ఉండొచ్చు. పిండి మరో, కిరాణా కొట్టో, రావిచెట్టో ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. అక్కడి పెద్దవాళ్లను పిల్లలతోనే ఒక ప్రశ్న అడిగించండి: వానొస్తే ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి? ఇంటికొచ్చాక పటం వాళ్లనే గీయనివ్వండి. చార్టులు, స్టిక్కర్లు కొనొద్దు, ఏ4 కాగితం చాలు. వీధికి పాత పేరేదైనా ఉంటే అదీ రాయించండి. మా వీధి పాత పేరు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ముగ్గురే ఉన్నారు.