తమ్ముడి రాయికి జవాబు ఎవరు చెప్తారు?

మిత్రులారా, మా ఆశ్రమ పాఠశాల తమ్ముడు ఒకడు ఏడాదిగా ఒంటేలుకి వెళ్తే ఏడ్చేవాడు. "నీళ్లు తాగు, తగ్గిపోద్ది" అన్నారు. చివరికి స్కానింగ్‌లో మూత్రసంచిలో నిమ్మకాయంత రాయి! అది దారికి అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి, ఇన్‌ఫెక్షన్ పైకి పాకుతుంది, కిడ్నీలే పాడవుతాయి.

తాగమంటారు సరే, హాస్టల్‌లో నీళ్లేవి? పాలు, గుడ్లు లేని ఉత్త అన్నం, చాలని నీళ్లు: పేదపిల్లల్లో ఈ రాయికి కారణాలుగా వైద్యులు ఎప్పుడో చెప్పినవే. దీన్ని తలరాత అంటే మేం ఒప్పుకోం.

మెనూలో రాసిన గుడ్డు కంచంలోకి రావాలి. తాగునీరు, తలుపున్న మరుగుదొడ్డి కావాలి. మూత్రం ఆగి ఆగి వచ్చినా, రక్తం పడినా వెంటనే స్కానింగ్ చేయించాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సిగ్గుపడి దాచకండి. అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం.

జై ఆదివాసీ!